కరెంటు పోయినప్పటి ఆట

ఆ కబురు మొదట మోసుకొచ్చింది మా గోడవతలి ఆపా; ఉర్దూలో అక్కను అట్లా పిలుస్తారు. లక్సెట్టిపేటలో మా రెండిళ్ళకూ నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. ఆమెకు గాజుల దుకాణం ఉంది. గాజులు చుట్టి ఇవ్వడానికి పాత పేపర్లు కట్టలు కట్టలుగా కొని పెట్టుకుంటుంది. ఆ పొద్దున నేను తులసి దగ్గర దీపం పెట్టి లేస్తుంటే, గోడ మీద రెండు మోచేతులూ ఆనించి పిలిచింది.

"చెల్లె, జర ఇటు రా. ఇగ ఫికర్ చెయ్యకు. అమ్మకు మందు దొరికింది."

"ఏం మందు ఆపా?"

"మందంటె గోలీ గాదే. మా బిడ్డ ఫోన్ల సదివిందట. పెద్దోళ్ళతోని పదాల ఆట ఆడిపియ్యాలెనట. పేపర్ల గళ్ళు నింపుడు ఉంటది సూడు, గది. రోజింత జేస్తె మతిమరుపు తగ్గుతదట."

అంటూ ఒక కాగితాల చుట్ట నా చేతిలో పెట్టింది. విప్పి చూస్తే అన్నీ ఆదివారం పేపర్లలో వచ్చే పదాల గళ్ళ పేజీలు. దుకాణంలో ఎప్పుడు తీరిక చేసుకుందో, కట్టల్లోంచి ఒక్కొక్కటే ఏరి, మడతలు సాపు చేసి తెచ్చింది. నేను నిలబడ్డచోటనే ఆమెకూ ఆ దేవునికీ కలిపి ఒక దండం పెట్టుకున్నాను.

ఆమె అమ్మ అన్నది మా అవ్వను, నన్ను కన్నతల్లిని. మా నాన్న, బాపు పోయాక అవ్వ సిరిసిల్ల నుంచి నా దగ్గరికే వచ్చేసింది. వచ్చిన కొత్తలో బాగానే ఉండేది. ఆపాతో గోడ దగ్గర నిలబడి ముచ్చట్లు పెట్టేది, నా వంటలో వంకలు పట్టేది. తరువాత మెల్లమెల్లగా మరుపు కమ్మింది. వస్తువు ఎక్కడ పెట్టానో మరిచిపోవడం నాకూ ఉంది, అది కాదు. పప్పు తానే కడిగి నానబెట్టి, కాసేపటికి ఆ గిన్నె ఎవరింటిదని నన్నే అడిగేది. ఖాళీ చేతులతో గాలిలో రాట్నం తిప్పుతూ కూర్చునేది.

ఆపా ఈ కబురు తేవడానికి కొద్దిరోజుల ముందే అవ్వను కరీంనగర్ తీసుకుపోయి ఒక డాక్టరమ్మకు చూపించాను. చిన్న వయసు పిల్ల, నెమ్మదైన మనిషి. అవ్వ పక్కనే కుర్చీ వేసుకుని, చేయి పట్టుకుని అడిగింది. ఇది ఏ కాలం, పొద్దున ఏం తిన్నారు, ఏ బస్సులో వచ్చారు. అవ్వ కొన్నిటికి జవాబు చెప్పింది, కొన్నిటికి నవ్వి ఊరుకుంది.

"అమ్మా, మీ ఇంటాయన పేరేంది?"

అవ్వ నన్ను మోచేత్తో పొడిచింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అవ్వ తన నోటితో బాపు పేరు పలికిన మనిషి కాదు. ఆ ఈడు ఆడవాళ్ళు మా దిక్కు ఎవరూ మొగుడి పేరు పలకరు. ఎవరైనా అడిగితే పక్కనున్న పిల్లలను పొడిచి చెప్పిస్తారు. చిన్నప్పటి నుంచీ పొడిపించుకున్న దాన్ని కనుక నేను వెంటనే నోరు తెరిచాను. డాక్టరమ్మ చేయి అడ్డం పెట్టింది.

"మీరు చెప్పొద్దు. అమ్మనే చెప్పాలె."

"మొగని పేరు చెప్పదు మేడం."

ఆమె నవ్వింది. "మా నాయినమ్మ గూడ చెప్పకపోయేది. సరే అమ్మా, పేరు వద్దు తియ్యి. మీ ఇంటాయన ఏం పని చేసెటోడు?"

అవ్వ ఆమె ముఖం చూసింది, నా ముఖం చూసింది.

"ఎవలు?" అంది.

తిరుగు బస్సులో దారి పొడవునా ఆ ఒక్క మాటే నా చెవిలో తిరిగింది. అవ్వ కిటికీ పక్కన కూర్చుని పొలాలు చూస్తూ హాయిగా వస్తోంది. నన్ను పొడిచిన ఆ మోచేయికి అలవాటు మిగిలిందా? ఆ అలవాటు ఎవరి కోసమో, ఆ మనిషి మాత్రం లోపల చెరిగిపోయాడా? పేరు అడిగి తెలుసుకుందామంటే దారి లేదు. గుర్తున్నా చెప్పదు, లేకున్నా చెప్పదు. ఇంటికొచ్చి బాపు ఫోటో ముందు కూర్చోబెట్టాను. క్యాలెండరును చూసినట్టు చూసి లేచిపోయింది. ఆమె నన్ను మరిచినా ఓర్చుకుంటాను అనుకున్నాను. బాపును మరిస్తే మాత్రం ఆయన రెండోసారి పోయినట్టే అనిపించింది. అదొక్కటే నాకు తెలియాలి. దేవుణ్ణి అడిగిందీ అదే.

అందుకే ఆపా తెచ్చిన ఆ కాగితాలు నాకు ప్రసాదంలా కనిపించాయి. మధ్యాహ్నం అవ్వను ముందర కూర్చోబెట్టుకుని, పెన్ను పట్టుకుని మొదలుపెట్టాను. అవ్వకు చదువు రాదు కనుక నేనే చదవాలి.

"అవ్వా, విను. నీళ్ళు నిలువ ఉండే చోటు. మూడక్షరాలు."

"నల్లా వచ్చిందా?"

"నల్లా రాలేదు అవ్వా. ఇది ఆట. నీళ్ళు ఎక్కడ నిలుస్తయి?"

"బిందెల."

"అది రెండక్షరాలే."

"కాగుల."

"అదీ రెండే."

"అయితె తొట్టి అను. గోళెం అను. ఎన్ని లేవు!"

"మూడే ఉండాలె అవ్వా. ఇక్కడ మూడు గళ్ళే ఉన్నయి."

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "నీళ్ళు నిలిచెటందుకు అక్షరాలు జూస్తయా బిడ్డా? గీ గళ్ళల్ల నన్నెందుకు ఇరికిస్తున్నవే?"

అని కొంగు దులుపుకుని లేచింది. గోడవతల నుంచి ఆపా నవ్వు వినిపించింది. నేను "చెరువు" అని రాసుకుని కూర్చున్నాను. ఆ తరువాత కూడా కొన్నాళ్ళు ప్రయత్నించాను. అవ్వ నిద్ర నటించడం నేర్చుకుంది గానీ ఒక్క గడి నిండలేదు.

కానీ ఆ గళ్ళు చూస్తుంటే నాకు మాత్రం బాపు కళ్ళ ముందే కూర్చున్నట్టుండేది. నా చదువంతా ఆ గళ్ళలోనే మొదలైంది. చిన్నప్పుడు కాలికి జబ్బు చేసి నేను బడికి నడవలేకపోయాను. బాపు సాంచా కార్మికుడు. మరమగ్గాలను మా సిరిసిల్లలో సాంచాలంటారు. మా ఇంటి వెనక గోడకు ఆనుకునే ఆసామి షెడ్డు, అందులో ఆయన పని. మధ్యాహ్నం చాయ్ తాగే హోటల్లో పాతబడ్డ ఆదివారం పేపరు అడిగి తెచ్చేవాడు. అప్పటికే దాని గళ్ళు ఎవరో పెన్నుతో సగం నింపి ఉండేవారు. చాప మీద తెగిన దారాలు వంచి అక్షరం చేసి, "గిది ఏ గడిల ఉందో ఎతుకు బిడ్డా" అనేవాడు. నేను వెతికి వేలు పెట్టేదాన్ని. దారంతో చేసిన "క" ఊదితే ఎగిరిపోయేది, మళ్ళీ చేసేవాడు. బడి గడప తొక్కకుండానే నేను చదువుకున్నానంటే, ఈ నాలుగు మాటలు రాస్తున్నానంటే, అది ఆయన పెట్టిన భిక్ష.

అవ్వకు ఆ గళ్ళంటే అప్పుడూ గిట్టేది కాదు. ఆమె ఆట వేరే. అది కరెంటు పోయినప్పుడే మొదలయ్యేది.

సాంచాలు నడుస్తుంటే మా వాడలో మాట వినపడదు. పొద్దంతా ఆ మోతే. అవ్వ అరుగు మీద కూర్చుని రాట్నం మీద కండెలు చుట్టేది, మగ్గానికి పోయే దారాన్ని చిన్న కడ్డీలకు చుట్టే పని అది. ఏదైనా చెప్పాలంటే చేయి ఊపేది. కరెంటు పోగానే వాడంతా ఒక్కసారి చప్పబడేది. చెవుల్లో గుయ్యిమని కొంతసేపు ఆ మోత నీడలా తిరిగి, తరువాత కాకి అరుపు, పక్కింట్లో గిన్నె చప్పుడు, ఒక్కొక్కటే పుట్టుకొచ్చేవి. బాపు షెడ్డులోంచి దూది అంటిన తలతో వచ్చి అరుగు మీద చతికిలబడేవాడు. అవ్వ రాట్నం పక్కకు జరిపి గొంతు సవరించుకునేది.

"శాత్రం ఏస్త. ఇప్పుతవా?"

పొడుపు కథను మా దిక్కు శాత్రం అంటారు. విప్పలేనివాళ్ళు ఒక ఊరు ఇచ్చుకోవాలి. అది మా ఇంటి షరతు.

"ఎయ్యి," అనేవాడు బాపు.

"కండ్లకు కానరాదు. వస్తె ఊరంత ఒర్లుతది, పోతె మేం మాట్లాడుకుంటం. ఏంది?"

అది అవ్వ సొంతంగా అల్లిన శాత్రం. ఒర్లడమంటే మొత్తుకోవడం, జవాబు కరెంటు. వాడలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. బాపు మాత్రం గడ్డం గోక్కుంటూ ఆలోచించేవాడు.

"ఏమో. నాకెర్క లేదు. జగిత్యాల తీస్కో."

"మొన్ననే జగిత్యాల ఇస్తివి. అది నాదే."

"అయితె కరీంనగర్ తీస్కో."

"గది గూడ నాదే. ఇంకోటియ్యి."

"ఎములాడ ఇయ్య. రాజన్న ఊరుకోడు."

"రాజన్న ఆడనే ఉంటడు తియ్యి. ఊరు నాకియ్యి."

కాలు ఇంటికే కట్టేసినట్టు బతికిన నాకు, రాజన్న గుడి ఉన్న వేములవాడతో సహా ఆ ఊళ్ళన్నీ మొదట అట్లా అవ్వ చేతుల మీదుగానే తెలిశాయి. సాంచాల మోతకు బాపు చెవులు ఏటికేడు మొద్దుబారాయి. చివరికి అవ్వ ఎంత గట్టిగా శాత్రం వేసేదంటే, వాడ చివరి నుంచి ఎవరో జవాబు అరిచేవారు. "నిన్నెవలడిగిండ్రు? మా ఆయన ఊరిచ్చెటోడు, నడుమ నువ్వెందుకు?" అని అవ్వ ఇక్కడి నుంచి తిట్టేది. ఆ మాటకు వాడంతా నవ్వేది.

బాపు పేరు కూడా అవ్వ దగ్గర ఒక శాత్రమే. పెళ్ళయి కొత్తగా ఇంటికొచ్చిన నాడు ఆడబిడ్డలు గడపకు అడ్డం నిలబడి, మొగని పేరు చెబితేనే లోపలికి అన్నారట. అది అన్ని పెళ్ళిళ్ళలోనూ ఉండే వేడుకే. ఆ ఒక్కసారికి సిగ్గుపడుతూనైనా అందరూ చెబుతారు. అవ్వ మాత్రం పేరు చెప్పకుండా రెండు వరసల శాత్రం వేసి, మీరే ఇప్పుకోండ్రి అందట. "గడపకు పసుపు రాసిన, గుమ్మానికి తోరణం గట్టిన" అనేది మొదటి వరస. రెండో వరస నేనిక్కడ రాయను. రాస్తే పేరు చెప్పినట్టే. ఆడబిడ్డలు తలలు పట్టుకుని ఆలోచిస్తుంటే, ఎండలో నిలబడ్డ పెళ్ళికొడుకు "నా పేరు నేనే చెప్త, లోపలికి రానియ్యిండ్రి" అన్నాడని మా బాపు చెప్పి చెప్పి నవ్వేవాడు.

రేషన్ షాపు దగ్గరా అదే తంతు. ఒకసారి పేరు చెప్పడానికి పక్కన ఎవరూ లేకుండా ఒక్కతే పోయిందట. కార్డు ఎవరి పేరున ఉందని అడిగితే శాత్రం వేసింది. షాపాయన నెత్తి కొట్టుకున్నాడు. వెనక లైనులో ఉన్న ఆడవాళ్ళు మాత్రం చేసంచులు కింద పెట్టి ఆలోచించడం మొదలుపెట్టారు. "అగో, గట్లగాదే, తోరణం ఎవలకు గడ్తరు?" అని ఒకరు, "నువ్వు ఆగు, నాకు నోటికాడికచ్చింది" అని ఇంకొకరు. విప్పి చెప్పిన ఆమెను అవ్వ ఇంటికి పిలిచి చాయ్ పోసింది.

లక్సెట్టిపేటలో మళ్ళీ అవ్వ గొంతులో శాత్రం విన్నది ఒక ఎండాకాలపు మధ్యాహ్నం. ఆపా మా ఇంట్లో కూర్చుని ఉంది. నేను మిక్సీలో పచ్చడి తిప్పుతున్నాను. ఫ్యాను తిరుగుతోంది, కూలరు మొత్తుకుంటోంది, టీవీ దానిపాటికది మాట్లాడుతోంది. ఉన్నట్టుండి కరెంటు పోయింది. అన్నీ ఒక్కసారి ఆగాయి. ఆ చప్పబడ్డ ఇంట్లో, మంచం మీద పడుకున్న అవ్వ లేచి కూర్చుంది. చేయి గాలిలో పక్కకు జరిగింది. లేని రాట్నాన్ని పక్కకు నెట్టిందని నాకు అర్థమైంది.

"శాత్రం ఏస్త. ఇప్పుతరా?"

ఆపా నన్ను చూసింది. నేను కానియ్యమని సైగ చేశాను.

"ఎయ్యి అమ్మా," అంది ఆపా.

"కండ్లకు కానరాదు. వస్తె ఊరంత ఒర్లుతది, పోతె మేం మాట్లాడుకుంటం."

ఒక్క మాట పొల్లుపోలేదు. ఆపా నిజంగానే ఆలోచించింది. "మా అత్తగారు," అంది. అవ్వ పకపకా నవ్వింది. ఎన్ని నెలలైందో ఆ నవ్వు విని.

"ఇప్పలేకపోతె ఊరియ్యాలె."

"ఏ ఊరియ్యాలె?"

"నీదేదో గది."

"అరే, మాది ఆదిలాబాద్. మా పుట్టిల్లమ్మా!"

"ఇచ్చెయ్యి," అని అవ్వ చేయి చాపింది. ఆపా ఆదిలాబాద్‌ను తీసి ఆ చేతిలో పెట్టింది. అవ్వ దాన్ని కొంగున ముడేసుకుంది.

ఆ తరువాత నేను మధ్యాహ్నాలు ఇంటి మెయిన్ స్విచ్ బంద్ చేయడం మొదలుపెట్టాను. దేవుడు క్షమించాలి, మా ఆయన కరెంటు ఆఫీసోళ్ళను తిట్టుకుంటుంటే నోరు మూసుకుని కూర్చునేదాన్ని. కొన్నిరోజులు ఆట నడిచేది. కొన్నిరోజులు అవ్వ చెమట తుడుచుకుంటూ "ఉక్క పోస్తుందే" అని మాత్రమే అనేది. నడిచిన రోజున ఆపా ఊళ్ళు ఇచ్చుకునేది. ఉట్నూర్ పోయింది, చెన్నూరు పోయింది. కానీ ఆ ఆటలో బాపు ఎక్కడా రాలేదు. ఆయన ఇచ్చిన ఊళ్ళ మాట ఎత్తినా అవ్వ ముఖంలో ఏమీ కదలలేదు. శాత్రం ఉంది, విప్పే మనిషి లేడు. నా భయం నాకు అట్లనే ఉంది. ఒకనాడు గోడ దగ్గర ఆపాతో అదే చెప్పుకుని, అవ్వ పెళ్ళినాటి గడప ముచ్చట కూడా చెప్పాను. ఆమె కళ్ళు పెద్దవి చేసింది.

"అరే, మా ఆదిలాబాద్‌ల మరాఠీ ఆడోల్లు గిట్లనే చేస్తరు. ఉఖాణా అంటరు. పేరును పాటల దాచిపెట్టి చెప్తరు. చిన్నగున్నప్పుడు నేను దర్వాజకు అడ్డం నిలబడెటిదాన్ని. ముందుగాల గిది ఎందుకు చెప్పలే?"

ఆ శుక్రవారం నాడు అవ్వకు తలంటి, మంచి చీర కట్టి, బాపు పోయాక మానేసిన పసుపు ముఖానికి రాసి, తులసి దగ్గర దండం పెట్టించి లోపలికి తీసుకొస్తున్నాను. ఆపా గడప మీద నిలబడి ఉంది. రెండు చేతులు రెండు వైపులా చాపి, గాజులన్నీ గలగలలాడించింది.

"ఆగు అమ్మా. పేరు చెప్తెనే లోపలికి."

అవ్వ ఆగింది. కాళ్ళకేసి చూసుకుంది. తడి పాదాలు, గడప మీద ముగ్గు. మెల్లగా కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కొంగు వెనక నవ్వుతోందని కళ్ళను బట్టి తెలిసింది. కొత్త కోడలి నవ్వు.

"గడపకు పసుపు రాసిన, గుమ్మానికి తోరణం గట్టిన..." అంది. ఆగింది. రెండో వరస కూడా వచ్చింది. తడబడుతూ, నడుమ ఒక మాట వెతుక్కుని, చివరిదాకా వచ్చింది. "గంతే. ఇగ మీరే ఇప్పుకోండ్రి."

పాటను చిలక కూడా అప్పజెబుతుంది. నాకు ఇంకా నమ్మకం కుదరలేదు. ఆపాకు బాపు పేరు తెలియదు. తనకు తెలిసిన దేవుళ్ళ పేర్లన్నీ ఒక్కొక్కటే అనసాగింది.

"గాయిన గాదు," అంది అవ్వ.

ఆపా ఇంకో పేరు అంది.

"గాదు."

ఇంకొకటి అంది.

"ఛీ! గాయిన మా తోటికోడలు మొగడు!"

ఆపా నాలుక కరుచుకుని "తౌబా తౌబా" అంది. అప్పుడు నేను, ఎన్నోసార్లు మోచేతి పోటు తిన్న ఆ పాత అలవాటుతోనే, బాపు పేరు చెప్పాను.

అవ్వ కొంగు నోటి మీది నుంచి తీసి నెత్తి మీదికి లాక్కుంది. బాపు షెడ్డులోంచి ఇంట్లోకి అడుగు పెట్టినప్పుడల్లా ఆమె చేయి అట్లనే పైకి పోయేది. తరువాత వీధి వైపు చూసి, నా భుజం మీద చిన్న దెబ్బ వేసింది.

"మెల్లగ అనవే. ఇంటడు."

చెవులు మొద్దుబారిన మా బాపు! సాంచాల మోతలో ఆమె అరిచి అరిచి మాట్లాడిన మనిషి! నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆపా గడప మీది నుంచి పక్కకు జరిగింది. అవ్వ కుడికాలు ముందు పెట్టి లోపలికి వచ్చింది.

తరువాత కరీంనగర్ పోయినప్పుడు డాక్టరమ్మకు ఇదంతా చెప్పాను. "పోయింది పోయినట్టేనమ్మా, ఆటలతోని తిరిగొస్తదని నేను చెప్పలేను. కానీ ఆమె సంతోషపడుతుంటె ఆపకండ్రి" అంది. ఆమె మాట నిజమే. అవ్వ మరుపు ఆగలేదు. ఇప్పుడు నన్ను అక్కా అంటోంది. ఒక్కోనాడు నేనెవరో అడగను కూడా అడగదు. మరి పదాల ఆటలతో మతి పెరుగుతుందా అని ఎవరైనా నన్ను అడిగితే ఇంతే చెబుతాను. గళ్ళలో మా అవ్వ దొరకలేదు. తాను అల్లుకున్న ఆటలో దొరికింది, అంతవరకు నాకు తెలుసు. ఆ కబురు తెచ్చిన ఆపాకు, మెత్తగా అడిగిన ఆ డాక్టరమ్మకు, ఆ శుక్రవారాన్ని మాకిచ్చిన దేవునికి నా దండాలు.

ఇప్పుడు శాత్రాలు నేనే వేస్తున్నాను. విప్పడం అవ్వకు చేతకావడం లేదు. నిన్న మధ్యాహ్నం కరెంటు శాత్రం వేస్తే చాలాసేపు గోడను చూసి, కొంగు ముడి విప్పుతున్నట్టు చేసి, "కరీంనగర్ తీస్కో" అంది. బాపు ఇచ్చిన ఊరు. తీసుకున్నాను.

చదివేవాళ్ళను ఒక్కటే కోరుతున్నాను. ఈసారి మీ ఇంట్లో కరెంటు పోయి అంతా చప్పబడితే, ఫోను లైటు వెతుక్కునే ముందు, అరుగు మీద కండెలు చుట్టుకుంటూ ఊళ్ళు గెలుచుకున్న మా అవ్వను ఒక్కసారి తలచుకోండి. పేరు తెలియదే అనుకోకండి. పేరు పలకకుండానే ఆమె ఒక మనిషిని ఇన్నేళ్ళు దాచుకుంది. మీరూ ఆమెను అట్లనే తలచుకోండి.